రెప్ప లోపల స్టెరాయిడ్ ఇంజెక్షన్: బాబు చూపుకు ప్రమాదమా?

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. కొన్నేళ్లుగా ఎండాకాలం రాగానే కళ్లు ఎర్రబడి విపరీతంగా దురద పెడతాయి. మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కలు వేస్తే తగ్గిపోయేది. ఈసారి తగ్గలేదు సరికదా, వెలుతురు చూడలేకపోతున్నాడు. నల్లగుడ్డు మీద పుండు పడిందని, పై రెప్ప లోపల స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయాలని డాక్టరు గారు అంటున్నారు. చూపుకు ప్రమాదం ఉండదా?
- ఒక తల్లి, అనంతపురం

జవాబు: అమ్మా, ఈ సూది కనుగుడ్డులోకి దిగదు. పై రెప్పను తిరగేసి, దాని లోపలి పొర కిందికి సుమారు అర మిల్లీలీటరు మందు ఎక్కిస్తారు. పెద్దవాళ్లకు మత్తు చుక్కలు సరిపోతాయి కానీ, కదలకుండా ఉండలేని పిల్లలకు పూర్తి మత్తు ఇవ్వవలసి రావచ్చు.

మీరు చెప్పిన లక్షణాలు వర్నల్ కెరటో కంజంక్టివైటిస్ అనే తీవ్రమైన అలర్జీకి సరిపోతున్నాయి. వేడి, పొడి వాతావరణం ఉన్న ప్రాంతాల్లో, ముఖ్యంగా మగపిల్లల్లో ఇది ఎక్కువ. ఇందులో పై రెప్ప లోపల గులకరాళ్లు పరిచినట్లు పెద్ద పెద్ద బొడిపెలు లేచి, తీగలు సాగే పుసి కడుతుంది. ఆ బొడిపెల రాపిడికి తోడు అలర్జీ కణాలు విడుదల చేసే విష పదార్థాలు నల్లగుడ్డు పైపొరను దెబ్బతీయడం వల్లనే పుండు పడుతుంది. మందును సరిగ్గా ఆ బొడిపెల దగ్గరే ఎక్కిస్తారు కనుక చాలామందికి కొద్ది రోజుల్లోనే దురద, వాపు తగ్గి, పుండు మానడానికి వీలు కలుగుతుంది. అయితే పుండులో సూక్ష్మక్రిములు చేరలేదని డాక్టరు ముందే నిర్ధారించుకోవాలి, ఎందుకంటే అటువంటి పుండును స్టెరాయిడ్ మరింత ముదరబెడుతుంది.

ఇంజెక్షన్‌తో జబ్బు మూలం పోదు, మళ్లీ తిరగబెట్టవచ్చు. అసలు జాగ్రత్త కంటి ప్రెషర్ విషయంలో కావాలి. స్టెరాయిడ్ వల్ల కొందరు పిల్లల్లో ప్రెషర్ నొప్పి తెలియకుండానే పెరిగి, నీటికాసులకు (చూపు నరాన్ని దెబ్బతీసే గ్లకోమా జబ్బుకు) దారితీస్తుంది. ఎక్కువ కాలం వాడితే శుక్లం కూడా రావచ్చు. చుక్కలైతే ఆపేయవచ్చు, కానీ ట్రయామ్‌సినలోన్ వంటి నిదానంగా కరిగే మందును ఒకసారి ఎక్కించాక వెనక్కి తీయడం కష్టం. అందుకే ఇంజెక్షన్‌కు ముందూ, తర్వాత డాక్టరు చెప్పిన ప్రతి తేదీలోనూ ప్రెషర్ చూపించండి.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మీ బాబుకు ఇన్నేళ్లుగా వేసిన చుక్కలు. పాత సీసాల మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అన్న పేర్లలో ఏదైనా ఉంటే అవి స్టెరాయిడ్లే. సీసాలన్నీ డాక్టరుకు తప్పక చూపించండి. చీటీ లేకుండా ఇటువంటి మందును పసివాడి కంటికి ఇవ్వడం ఘోరమైన తప్పు. పుండు మానిన తర్వాత స్టెరాయిడ్ లేని సైక్లోస్పోరిన్ చుక్కలు, టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ గురించి అడగండి. చాలామంది పిల్లల్లో ఈ జబ్బు యుక్తవయసు వచ్చేసరికి సద్దుమణుగుతుంది. అంతవరకూ బాబు కళ్లు నులుముకోకుండా చూడండి, నులిమే కొద్దీ నల్లగుడ్డు పలచబడి ముందుకు పొడుచుకొచ్చే ముప్పు ఉంది. దురద పుట్టినప్పుడు చల్లని తడిగుడ్డ వేయండి. ఇంజెక్షన్ తర్వాత నొప్పి పెరిగినా, చూపు మసకబారినా, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.