లిబ్‌వెబ్‌పీ మార్చినా స్కానర్ ఊరుకోవట్లేదంటే...

సర్వర్‌లో లిబ్‌వెబ్‌పీని (వెబ్‌పీ బొమ్మలను చదివే లైబ్రరీ) లోపం సరిచేసిన 1.3.2కి మార్చాక కూడా మీ పైథాన్ యాప్‌లో సీవీఈ-2023-4863 (ఆ లైబ్రరీలో బయటపడ్డ భద్రతా లోపం) ఉందని భద్రతా స్కానర్ చెబుతోందన్నారు కదండీ. స్కానర్‌ని తిట్టుకోకండి, అది నిజమే చెబుతుండొచ్చు. పిప్‌తో (పైథాన్ ప్యాకేజీలు పెట్టే టూల్) పెట్టిన పిల్లో, అంటే పైథాన్‌లో బొమ్మలతో పనిచేసే లైబ్రరీ, తన లిబ్‌వెబ్‌పీ కాపీని తనే వెంట తెచ్చుకుంటుంది. సిస్టమ్‌లో మీరేం మార్చినా దానికి పట్టదు. లైనక్స్ అయితే సైట్-ప్యాకేజెస్‌లో (పైథాన్ ప్యాకేజీలు ఉండే ఫోల్డర్) పిల్లో పేరుతోనే ఉన్న లిబ్స్ ఫోల్డర్ తెరవండి, ఆ ఫైలు అక్కడే కూర్చుని ఉంటుంది.

పిల్లోను, సరిచేసిన లిబ్‌వెబ్‌పీతో వచ్చే 10.0.1కి గానీ ఆపై వెర్షన్‌కి గానీ మార్చి, యాప్‌ని రీస్టార్ట్ చేయండి. లేకపోతే పాత కోడే మెమరీలో నడుస్తుంటుంది (ఇక్కడ నేనూ ఒకసారి బోల్తాపడ్డాను). యాప్‌ని డాకర్ కంటైనర్‌లో నడుపుతుంటే దాని ఇమేజ్ మళ్లీ బిల్డ్ చేయాల్సిందే.

వాయిదా మాత్రం వేయకండి. లాస్‌లెస్ (నాణ్యత తగ్గకుండా కుదించిన) వెబ్‌పీ బొమ్మను విప్పేటప్పుడు, హఫ్‌మన్ టేబుల్‌కి (కుదించిన డేటాను విప్పడానికి వాడే పట్టిక) మెమరీలో ముందే లెక్కగట్టి ఇచ్చిన చోటు దాటి రాసేయడమే ఆ లోపం. కావాలని వంకరగా తయారుచేసిన బొమ్మను మీ యాప్ తెరిస్తే చాలు, ఆ లోపాన్ని వాడుకోవచ్చు. మీదేమో ఎవరైనా ఫొటోలు అప్‌లోడ్ చేసే యాప్!

అన్నట్టు, డెబియన్ లాంటి లైనక్స్ రకాలు లైబ్రరీ వెర్షన్ నంబరు పెంచకుండా పాతదానికే ప్యాచ్ వేస్తుంటాయి. సిస్టమ్ ప్యాకేజీ మీద కూడా స్కానర్ గోల చేస్తే ప్యాచ్ ఇప్పటికే పడిందేమో ముందు దాని చేంజ్‌లాగ్‌లో (మార్పుల చిట్టా) చూడండి.