చిత్తూరు పట్టణంలోని రెండు బడులతోనే నమూనా సరిపోతుందా?

నమస్కారమండీ. తొమ్మిదో తరగతి పిల్లల గణిత భయంపై ఎం.ఎడ్. పరిశోధనకు, చిత్తూరు పట్టణంలో మీకు తెలిసిన రెండు ఉన్నత పాఠశాలల నుంచి 400 మందిని తీసుకుని దాన్ని యాదృచ్ఛిక నమూనాగా (లాటరీ తరహాలో ఎంచినదిగా) చూపవచ్చునా అని అడిగారు. చూపకూడదు. అది సౌలభ్య నమూనా, అంటే అందుబాటులో ఉన్నవారితో సరిపెట్టుకున్నది. ఆ ఫలితాలను జిల్లా మొత్తానికి వర్తింపజేయలేము, మౌఖిక పరీక్షలో మొదటి ప్రశ్న కూడా బహుశా అక్కడే పడుతుంది.

జిల్లాలోని ఉన్నత పాఠశాలల జాబితాను యూడైస్ కోడ్‌లతో (ప్రతి బడికీ ఉండే ప్రభుత్వ గుర్తింపు సంఖ్యలతో) సహా విద్యాశాఖ కార్యాలయంలో అడిగి తీసుకుని, జిల్లా పరిషత్, మునిసిపల్, ప్రైవేటు అని యాజమాన్యాన్ని బట్టి విడదీసి, ప్రతి వర్గంలోనూ లాటరీ పద్ధతిలో బడులను ఎంచుకోండి. అప్పుడు కుప్పం, పలమనేరు బడులకూ అవకాశం దక్కుతుంది. కుప్పం వైపు తమిళ మాధ్యమం పిల్లలు తగిలితే ప్రశ్నావళి ఏ భాషలో ఇస్తారో ముందే తేల్చుకోవాలి.

నమూనాలో ఎంతమంది ఉండాలో చెప్పడానికి అందరూ ఉటంకించే క్రెజ్‌సీ, మోర్గాన్‌ల 1970 నాటి పట్టిక సరళ యాదృచ్ఛిక నమూనాకు, అంటే బడులతో నిమిత్తం లేకుండా మొత్తం పిల్లల నుంచి ఒక్కొక్కరినీ విడిగా లాటరీలో తీసినదానికి, ఉద్దేశించినది. ఒకే బడి పిల్లలు కొంతవరకు ఒకేలా స్పందిస్తారు కనుక, ఆ పోలిక (0 అంటే పోలికే లేదు, 1 అంటే అందరూ ఒకటే) 0.1 అనుకుంటే, బడికి 31 మంది చొప్పున తీసుకున్న 400 మంది అలా విడిగా తీసిన సుమారు 100 మందికి మాత్రమే సమానం. బడికి పదిమందే అయితే అదే 400 దాదాపు 210కి సమానమవుతుంది. అందువల్ల బడుల సంఖ్యను పెంచి, ఒక్కో బడిలో హాజరుపట్టీ నుంచి కొద్దిమందినే తీయండి. అంత తిరగడానికి వ్యవధి లేకపోతే రెండు బడులతోనే కానివ్వండి, కానీ శీర్షికలో జిల్లా పేరు పెట్టకండి.