డ్యూటీ, కులం, మెసేజ్‌లు: ఒకే ఫిర్యాదులో కలపొద్దు

ప్రశ్న: హన్మకొండలో కానిస్టేబుల్‌ని, లంబాడ. రెండేళ్లుగా రిసెప్షన్ తప్ప బీట్ గానీ కేసు పని గానీ ఇవ్వలేదు. మా ఎస్సై జనం ముందే కులం పేరుతో తిడతాడు, రాత్రిళ్లు పిచ్చి మెసేజ్‌లు పెడతాడు. అన్నీ రాసి సీపీ (పోలీస్ కమిషనర్) గారికి ఇద్దామంటే ఏసీఆర్ (ఏటా పనితీరుపై రాసే రహస్య నివేదిక) పాడుచేస్తాడని భయం.

జవాబు: అమ్మా, అన్నీ ఒకే కాగితం మీద పెడితే అది స్టేషన్ గొడవగా మారి ఎవరో ఒక అధికారి విచారణకు పోతుంది. మూడింటికీ మూడు దారులున్నాయి.

ముందు మెసేజ్‌లు, ఎందుకంటే గడువు తరుముతోంది. చివరి మెసేజ్ వచ్చిన నాటి నుంచి 3 నెలల్లోగా, పనిచోట లైంగిక వేధింపులను విచారించే అంతర్గత ఫిర్యాదుల కమిటీకి రాసివ్వాలి. తగిన కారణం చూపిస్తే కమిటీ ఇంకో 3 నెలలు ఇవ్వొచ్చు. 6 ప్రతులు, సాక్షుల పేర్లు, చిరునామాలు జతచేయండి. స్క్రీన్‌షాట్లు ఉన్నాయి కదా అని చాట్ తుడిచేయొద్దు, ఫోన్ అమ్మొద్దు. అసలుది లేకపోతే అవి కల్పితమనడం ఎదుటివాళ్లకు తేలిక.

ఏసీఆర్ భయానికి మందు ఇక్కడే ఉంది, చాలామందికి తెలియదు. విచారణ నడిచే 90 రోజులూ ఆయన మీ ఏసీఆర్ రాయకుండా చూడమని కమిటీని కోరొచ్చు. పనిచోట లైంగిక వేధింపులపై ఉన్న 2013 చట్టం నిబంధనల్లోనే ఆ వీలుంది, కాకపోతే మీరు రాసి అడగాలి. బదిలీ అడిగేటట్టయితే ‘ఆయన్ని మార్చండి’ అనే రాయండి. ‘నన్ను మార్చండి’ అంటే తప్పు చేసినవాడు అక్కడే ఉంటాడు, మూటాముల్లె సర్దుకునేది మీరే.

కులం తిట్లకు 1989 అట్రాసిటీ చట్టం, సెక్షన్ 3(1)(ఆర్), (ఎస్). ఆయన ఎస్సీ, ఎస్టీ కాకపోతేనే వర్తిస్తుంది. ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదు. దర్యాప్తు కమిషనరేట్‌లో ఏసీపీ స్థాయి అధికారే చేయాలి. ఏ తేదీన, ఎవరు వింటుండగా అన్నాడో రాయండి. గదిలో ఇద్దరే ఉన్నప్పుడు అన్న మాట ఈ సెక్షన్లకు నిలవదు. తిట్టును మర్యాదగా మార్చకండి, అన్నది అన్నట్టే ఉండాలి.

డ్యూటీ వివక్షకు ఆధారం డ్యూటీ చార్టే. సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో ఏడాది చార్టుల నకళ్లు అడగండి, 30 రోజుల్లో జవాబు రావాలి. బీట్‌కు ఎవరెవరు ఎన్నిసార్లు వెళ్లారో లెక్కగట్టి ఆ పట్టికతో సీపీ గారికి అర్జీ పెట్టి, తేదీతో రసీదు తీసుకోండి.

ఈలోగా బ్యాచ్ వాట్సాప్ గ్రూపుల్లో గానీ విలేకరులతో గానీ నోరు విప్పకండి. కమిటీ విచారణ గోప్యం, పైగా పోలీసు సిబ్బంది పత్రికలకెక్కడంపై 1966 చట్టం ఆంక్షలున్నాయి. ఎదురు మెమో ఇవ్వడానికి వాళ్లకు అదొక్కటి చాలు.