గొరిల్లాల అడవికి ఎప్పుడు వెళ్లాలి?

ప్రశ్న: వేసవి సెలవుల్లో ఉగాండా వెళ్లి బ్విండి అడవిలో కొండ గొరిల్లాలను చూడాలని ఉంది. పిల్లలకు 17, 13 ఏళ్లు. 66 ఏళ్ల మా అత్తగారూ వస్తానంటున్నారు. ఏమేం చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: విమానం టికెట్లు ఇప్పుడే కొనకండి. 15 ఏళ్లు నిండనివారిని గొరిల్లాల దగ్గరికి తీసుకెళ్లరు. పైగా మన వేసవి సెలవులు అక్కడ వానల కాలం. మార్చి నుంచి మే దాకా ఆ బురద వాలులో కాలు నిలవదు. చిన్నవాడికి 15 నిండాక సంక్రాంతి సెలవుల్లో వెళ్లండి. జనవరిలో అక్కడ వానలు తక్కువ.

విదేశీయులకు పర్మిట్ మనిషికి 800 డాలర్లు. ఒక్కో గొరిల్లా కుటుంబం దగ్గరికి రోజుకు ఎనిమిది మందినే, అదీ గంటసేపే పంపుతారు. చాలామంది దెబ్బతినేది గది దగ్గర. ట్రెక్కింగ్ బుహోమా, రుహిజా, రుషాగా, న్కురింగో అనే నాలుగు చోట్ల మొదలవుతుంది. పర్మిట్ రుషాగాకు ఉండి గది బుహోమాలో తీసుకున్నారంటే ఇక అంతే. మ్యాపులో దగ్గరే అనిపిస్తుంది గానీ కొండదారిలో గంటలు పడుతుంది, పొద్దున బయల్దేరే వేళకు అందుకోలేరు. ముందు పర్మిట్, ఆ తర్వాతే గది.

ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. అన్ని ఆసుపత్రుల్లో వేయరు. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో వేస్తారు. ఆ కార్డు లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు. 60 దాటినవారికి ఈ టీకాతో ఇబ్బందులు కాస్త ఎక్కువ. మీ అత్తగారి విషయం డాక్టరుతో మాట్లాడాకే తేల్చుకోండి. నడవలేనివారిని కుర్చీలో మోసుకెళ్లే ఏర్పాటు అక్కడ ఉంది, దానికి డబ్బు వేరే.

ఇప్పటినుంచే మంగళగిరి పానకాలస్వామి మెట్లు ఎక్కి దిగుతూ ఉండండి. బ్విండిలో మెట్లుండవు. పట్టు కోసం తీగలు, కొమ్మలు అందుకోవాల్సిందే, వాటి మధ్యే దురదగొండిలా మండించే ఆకులుంటాయి. తోటపని గ్లవ్స్ తీసుకెళ్లండి. ప్యాంటు అంచులను మేజోళ్లలోకి దోపుకోండి, లేకపోతే చీమలు లోపలికి పాకి కరుస్తాయి. ఒక కూలీని తప్పక పెట్టుకోండి. బ్యాగు మోయడమే కాదు, జారేచోట చెయ్యి పట్టుకునేదీ అతనే.

ప్రశ్న: జలుబుంటే గొరిల్లాల దగ్గరికి రానివ్వరట. మాత్ర వేసుకుని వెళ్లకూడదా?
– ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: వద్దండీ. మాత్రతో మీ ముక్కు కారడం ఆగుతుందేమో గానీ వైరస్ పోదు. మన జలుబు వాటికి అంటుకుంటే న్యుమోనియా దాకా వెళ్తుంది. మాస్కు, పది మీటర్ల దూరం అనే నిబంధనలు అందుకే. 2018 లెక్క ప్రకారం ప్రపంచం మొత్తం మీద ఉన్న కొండ గొరిల్లాలు 1,063. దగ్గు, జలుబు ఏదున్నా పొద్దున్నే రేంజరుకు చెప్పేయండి.