గర్భిణికి చిన్ననాటి చేదు అనుభవాల ప్రశ్నలు: జవాబు చెప్పాలా?

చెకప్‌కి వెళ్తే చిన్నప్పటి దెబ్బలు, తిట్లు, ఇంట్లో తాగుడు గురించి 10 ప్రశ్నల కాగితం ఇచ్చారని, అయిదింటికి 'అవును' అని టిక్ పెట్టినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదని రాశారు. బిడ్డకేమైనా అవుతుందా, వచ్చేసారి ఇంకా వివరంగా చెప్పాలా అని అడిగారు.

ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి. ఆ 5 మీ బిడ్డ జాతకం కాదు. ఈ ప్రశ్నలకు మూలం విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా బృందం 1998లో అమెరికాలో ప్రచురించిన అధ్యయనం. చిన్నతనంలో ఇలాంటివి ఎక్కువ పడ్డవాళ్లలో పెద్దయ్యాక డిప్రెషన్, గుండెజబ్బులు ఎక్కువగా కనిపించాయని అందులో తేలింది. అది వేలమందిని కలిపి చూసిన లెక్క. ఒక మనిషికి ఏమవుతుందో చెప్పడానికి ఆ స్కోరు సరిపోదని 2020లో ఆండాయే తోటి పరిశోధకులతో కలిసి రాశారు. ఎంత ఘోరంగా జరిగింది, ఎన్నాళ్లు జరిగింది, ఏ వయసులో జరిగింది అన్నవేవీ ఆ అంకెలో ఉండవు. మిమ్మల్ని దగ్గరకు తీసుకున్న అమ్మమ్మో టీచరో ఉన్నారా అన్నదీ ఉండదు.

నా మొదటి కాన్పుకి ముందు నన్నూ అడిగారు. కాగితం తీసుకుని, అంకె రాసుకుని, రక్తపరీక్షకి పంపేశారు. ఒక్క మాట చెప్పలేదు. అడిగి వదిలేయడం కంటే అసలు అడగకపోవడమే నయం అని ఇప్పటికీ అంటాను.

రెండోసారి వేరే చోట చూపించుకున్నాను. మా అమ్మ పక్క కుర్చీలోనే ఉంది. 'ఇంట్లో ఎవరైనా తాగి గొడవ చేసేవారా?' అన్న దగ్గర నా పెన్ను ఆగిపోయింది. నర్సమ్మ అది గమనించి, "అమ్మగారూ, మీరు కాసేపు బయట కూర్చోండి, ఈవిడతో ఒక్కదానితోనే మాట్లాడాలి" అంది. తలుపు వేసి, "ఇష్టం లేనివి వదిలేయొచ్చు. ఏం జరిగిందో కథంతా చెప్పక్కర్లేదు. మేం చేసే వాటిలో మీకు భయం పుట్టించేది ఏదైనా ఉంటే అది చెప్తే చాలు" అంది.

అసలు విషయం అదేనండి. లోపలి పరీక్షలు, వెల్లకిలా పడుకోబెట్టడం, ముక్కూమొహం తెలియనివాళ్లు ఒంటి మీద చెయ్యి వేయడం... పాతవి పైకి రావడానికి ఇవి చాలు. చిన్నప్పుడు ఒంటి మీద దౌర్జన్యం జరిగినవాళ్లకి మరీను. నేను చెప్పినవి రెండే: చెప్పకుండా ముట్టుకోవద్దు, నేను చెయ్యి ఎత్తితే ఆగాలి. ఆవిడ ఫైల్ పైన ఎర్ర పెన్నుతో రాసింది. లేబర్ రూమ్‌లో డ్యూటీ మారినా కొత్తగా వచ్చిన డాక్టర్ అది చదివి, "ఇప్పుడు పరీక్ష చేయనా?" అని అడిగాకే చెయ్యి వేసింది. ఆ ఒక్క ప్రశ్నకి నాకు ఎంత ధైర్యం వచ్చిందో!

కాబట్టి వచ్చేసారి వివరాలు చెప్పే ముందు మీరే వాళ్లని అడగండి. ఇది ఎవరెవరు చూస్తారు? మా ఇంట్లోవాళ్లకి తెలుస్తుందా? నేను 'అవును' అంటే మీరేం చేస్తారు? సూటిగా జవాబు రాకపోతే నోరు విప్పక్కర్లేదు. నమ్మకం కుదిరితే మాత్రం చెప్పండి, కౌన్సెలర్ దగ్గరికి పంపమనండి. మీ ఆయనో, అత్తగారో పక్కనుంటే విడిగా మాట్లాడాలని అడగడానికి మొహమాటపడకండి. ఇప్పుడు ఇంట్లో ఎవరైనా కొడుతున్నా, బెదిరిస్తున్నా ఆ ఏకాంతం ఇంకా అవసరం.

ఇంకో కాగితం కూడా ఇవ్వవచ్చు, దాన్ని దీనితో కలపకండి. ఎడిన్‌బరో స్కేల్ అంటారు, అందులోనూ 10 ప్రశ్నలే. కానీ అది గడిచిన 7 రోజుల్లో మీ మనసు ఎలా ఉందో అడుగుతుంది. గర్భంతో ఉన్నప్పుడూ ఇస్తారు, పురుడయ్యాకా ఇస్తారు. చిన్ననాటి కాగితాన్ని ఖాళీగా ఇచ్చినా ఫరవాలేదు గానీ, దీనికి మాత్రం ఉన్నదున్నట్టు రాయండి. చివరి ప్రశ్న మీకు మీరే హాని చేసుకోవాలనిపించిందా అని. అలా అనిపిస్తుంటే చెకప్ తేదీ దాకా ఆగకుండా ఆ రోజే డాక్టర్‌కి చెప్పండి.