ప్రింట్ లైను తీస్తే ఆగిపోయే నెట్‌వర్క్ కార్డు

ప్ర: సర్, నేనూ నా ఫ్రెండూ కలిసి పాత పీసీకి ఎమ్యులేటర్ (దాన్ని అచ్చంగా అనుకరించే ప్రోగ్రాము) రాస్తున్నాం. అందులో ఎన్‌ఈ2000 నెట్‌వర్క్ కార్డు పెట్టాం. పాత డ్రైవరు రెండు మూడు ప్యాకెట్లు పంపి ఆగిపోతోంది. ప్యాకెట్లు పంపే థ్రెడ్‌లో (విడిగా నడిచే కోడ్ భాగంలో) ఒక ప్రింట్ లైను పెడితే చక్కగా నడుస్తోంది, తీస్తే మళ్లీ మామూలే. ఒక మిల్లీసెకను స్లీప్ పెడితే నా డెస్క్‌టాప్‌లో బాగానే ఉంది గానీ వాడి లాప్‌టాప్‌లో అప్పుడప్పుడూ ఆగుతోంది. డ్రైవరునే మార్చేయమంటారా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, గాజువాక, విశాఖపట్నం

జ: డ్రైవరు జోలికి వెళ్లకండి. అసలు కార్డు మీద నడిచిన డ్రైవరు మీ కార్డు మీదా నడవాలి, ఎమ్యులేటర్ రాసేది అందుకే కదా.

ద్వారకా బస్ స్టేషన్‌లో శ్రీకాకుళానికి పార్సిల్ వేశారనుకోండి. ‘ఇంకా అందాలి’ అని పుస్తకంలో రాసుకునేలోపే అందిందని ఫోన్ వచ్చింది. కొట్టేయడానికి పుస్తకంలో ఏమీ లేదు, ఫోన్ పెట్టేశాక మీరు తీరిగ్గా ‘ఇంకా అందాలి’ అని రాసుకుని, ఇక రాని ఫోన్ కోసం కూర్చున్నారు. మీ డ్రైవరు పరిస్థితి అచ్చం ఇదే అయి ఉంటుంది: పంపమని కార్డుకి చెప్పి, ఆ తర్వాత ‘పంపుతున్నాను’ అనే ఫ్లాగ్ పెడుతోంది, ఈలోపే మీ కార్డు ఇచ్చే ఇంటరప్ట్ (‘పంపడం అయింది’ అని సీపీయూకి చెప్పే కబురు) వచ్చేస్తోంది. అసలు కార్డు 10 మెగాబిట్లది, అతి చిన్న ఫ్రేము (తీగ మీద వెళ్లే ప్యాకెట్) దాని ముందు వచ్చే గుర్తు బిట్లు, అంటే ప్రీయాంబుల్‌తో కలిపి 72 బైట్లు, అంటే 576 బిట్లు, తీగ మీదకి వెళ్లడానికి 57.6 మైక్రోసెకన్లు పడుతుంది. ఆ వ్యవధి మీ కార్డులో లేదు. ప్రింట్ లైను దాన్ని గుడ్డిగా నింపింది, అంతే.

స్లీప్ తీసేయండి. అది మీ కంప్యూటర్ గడియారాన్ని నమ్ముకుంటుంది, లాప్‌టాప్ వేరే పనిలో పడి గెస్ట్ సీపీయూని (ఎమ్యులేటర్ లోపలి పాత పీసీ సీపీయూని) కాసేపు ఆపిందంటే ఇంటరప్టే మళ్లీ ముందు నిలుస్తుంది. గెస్ట్ నడిపిన ఇన్‌స్ట్రక్షన్ల లెక్కతో కదిలే గడియారం మీద టైమర్ పెట్టండి. ఆ టైమర్‌ని సీపీయూ లూప్‌లోనే చూడండి, వేరే థ్రెడ్‌లో వద్దు. టైమర్ మోగేదాకా కమాండ్ రిజిస్టర్‌లో టీఎక్స్‌పీ బిట్ (ప్యాకెట్ ఇంకా వెళ్తోందని చూపేది) 1గానే ఉండాలి. మోగాక దాన్ని 0 చేసి, అప్పుడు ఇంటరప్ట్ ఇవ్వండి. చాలామంది మర్చిపోయేది రీసెట్: రీసెట్ అయితే టైమర్ కూడా రద్దవ్వాలి, లేకపోతే ఎవరూ పంపని ప్యాకెట్‌కి ఇంటరప్ట్ వస్తుంది. స్నాప్‌షాట్ (ఎమ్యులేటర్ స్థితినంతా భద్రపరచడం) తీసుకునే సదుపాయం ఉంటే, టైమర్‌లో మిగిలిన సమయాన్ని కూడా అందులో దాచండి.

అయ్యాక 1514 బైట్ల ప్యాకెట్ పంపి చూడండి. సీఆర్‌సీ (తప్పులు పట్టడానికి చివర చేర్చే బైట్లు), ప్రీయాంబుల్ కలిపి 1526 బైట్లు, గెస్ట్ గడియారంలో సుమారు 1220.8 మైక్రోసెకన్లు రావాలి, మీ డెస్క్‌టాప్‌లోనూ వాడి లాప్‌టాప్‌లోనూ ఒకే అంకె.