మగకుక్క క్యారియర్ అయినంత మాత్రాన సంబంధం వదులుకోనక్కరలేదు

అమలాపురంలోని మీ లాబ్రడార్‌కు భీమవరంలో చూసిన మగకుక్క పీఆర్‌సీడీ-పీఆర్‌ఏ అనే వంశపారంపర్య కంటిజబ్బు పరీక్షలో క్యారియర్ (దోషమున్న జన్యువు ఒక్కటే ఉండి, తనకు జబ్బు రానిది) అని తేలిందని, క్రాసింగ్ మానుకోవాలా అని అడిగారు. మానుకోనక్కరలేదు, ముందు మీ కుక్కకూ అదే డీఎన్‌ఏ పరీక్ష చేయించండి. రేచీకటితో మొదలై క్రమంగా చూపును హరించే ఈ జబ్బు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున దోషమున్న జన్యువులు రెండూ చేరిన పిల్లకే వస్తుంది. మీది క్లియర్ (దోషమున్న జన్యువు అసలు లేనిది) అయితే పిల్లల్లో దేనికీ ఈ జబ్బు రాదు; సుమారు సగం క్యారియర్లు కావచ్చు, ఆ సంగతి తీసుకునేవారికి తప్పక చెప్పండి. రెండూ క్యారియర్లయితే ప్రతి పిల్లకూ విడివిడిగా 25 శాతం ముప్పు ఉంటుంది కాబట్టి, ఒకే ఈతలో రెండు మూడింటికి కూడా రావచ్చు. తెలిసి తెలిసి అలాంటి జత కట్టడం ఆ మూగజీవాలకు అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

తుంటి కీళ్ల లోపం అనేక జన్యువుల మీద, తిండి మీద, బరువు మీద కూడా ఆధారపడుతుంది కనుక ఈ పరీక్షలో తేలదు. రెండేళ్లు నిండాక తీసిన ఎక్స్‌రే చూడాలి, వీలైతే తోబుట్టువులవి కూడా.

డీఎన్‌ఏ పరీక్షకు నమూనాగా కుక్క చెంప లోపల రుద్దిన స్వాబ్‌ను, మన కోనసీమ ఉక్కపోతలో మరీ ముఖ్యంగా, ఫ్యాను కింద పూర్తిగా ఆరనిచ్చాకే కవరులో పెట్టండి. తడిగా పంపితే బూజు పట్టి నమూనా పాడవుతుంది.